లా పంతుళ్లను పెంచేదెవరు?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

సైన్సు విద్యార్థికి న్యాయశాస్త్రంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. సావనీరు కమిటీ వారు కూడ అదే అడిగారు. "షుగరు కెమిస్ట్రీ మీద రాయరాదు, నీకు తెలిసిన సంగతి" అన్నారు. నేను రాయబోయేది చెరుకుతోనే మొదలవుతుంది. కాని అది పోయి పోయి ఒక లా కాలేజీ క్లాసురూము దగ్గర ఆగుతుంది. కాబట్టి కొంచెం ఓపికతో చదవవలసిందిగా మనవి.

మాది బోధన్ వైపు పల్లె. మూడెకరాల చెరుకు, రెండెకరాల వరి. మా తాత షక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలినవాడు. 1937లో నిజాం కాలంలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోకెల్ల పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరుపొందిన నిజాం షుగర్స్‌లో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు వారికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు నాకు పదేండ్లు. ఆ తరువాత మా దిక్కు చాలమంది చెరుకు విడిచి వరికి, సోయాకు మళ్లారు. విడవనివారు దూరపు ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. మా బాపు విడవనివారిలో ఒకడు.

రెండేండ్ల కింద ఒక సీజనులో మా ఊరివాళ్లు తోలిన చెరుకుకు నాలుగు నెలలదాకా పైసలు రాలేదు. ఏ ఫ్యాక్టరీ అన్నది ఇక్కడ అవసరం లేదు. కోత కూలీలకు ఇయ్యాలె, లారీ కిరాయి కట్టాలె, నా కాలేజీ ఫీజు కట్టాలె. తూకం చీటీలు మాత్రం దూలానికి వేలాడే సంచిలో భద్రంగా ఉన్నాయి. మా అమ్మ రోజూ ఆ సంచి దిక్కు చూసేది.

వేపచెట్టు కింద రెండు పాఠాలు

ఆ రోజుల్లోనే ఒక లా కాలేజీ వారు మా ఊళ్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. కాలేజీ పేరు కూడ వద్దు. వచ్చిన లెక్చరర్‌కు ముప్పయి ఏండ్లు కూడ ఉండవు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేసినాము. ఆయన లేచి నిలబడి, "నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద జారీ అయిన చెరుకు నియంత్రణ ఉత్తర్వు, 1966, మూడవ క్లాజు ప్రకారం..." అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడారు. ఒక్క మాట తప్పు లేదు. కాని పావుగంటలో ముందు వరుస తప్ప కుర్చీలన్నీ ఖాళీ అయినాయి. ఇంటికి వచ్చినాక బాపు అన్నాడు: "పిలగాడు మంచోడే, తెలివిగల్లోడే. గని ఎవలకు జెప్తుండో ఆయనకే ఎరుక లేదు."

నెల తిరగకముందే ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి వెంట తల నెరిసిన పెద్దసారు ఒకరున్నారు. పెద్దసారు మాట్లాడలేదు. వెనుక అరుగు మీద కూర్చొని చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నారు. యువ లెక్చరర్ ఈసారి చట్టం పేరు ఎత్తలేదు. "మీ దగ్గర తూకం చీటీ ఉన్నదా? ఎవరైనా ఒకటి ఇయ్యుండ్రి" అన్నారు. మా చిన్నాయన రొండిలోంచి తీసి ఇచ్చాడు. చీటీ మీది తేదీ చదివి వినిపించి, "ఈ తేదీ నుంచి పద్నాలుగు రోజులు లెక్కబెట్టుండ్రి. ఆ లోపల ఫ్యాక్టరీ వాళ్లు పైసలు ఇయ్యాలె. దాటితే ఏడాదికి నూటికి పదిహేను రూపాయల లెక్కన మీకు మిత్తి రావాలె. ఇది వాళ్ల దయ కాదు, ఉత్తర్వుల రాసి ఉన్నది" అన్నారు. లక్ష రూపాయల మీద రోజుకు దాదాపు నలభై ఒక్క రూపాయి పడుతుందని పాత క్యాలెండరు వెనుక లెక్క వేసి చూపారు. ఇంటికి పోతున్నవాళ్లు కూడ వెనక్కు వచ్చి నిలబడ్డారు.

అప్పుడొక తమాషా జరిగింది. ఒక ముసలాయన "సారూ, రికవరీ రికవరీ అంటరు, గదేందో జెర జెప్పుండ్రి" అని అడిగాడు. లెక్చరర్ ఒక నిమిషం ఆగి, "నాకు కూడ సరిగా తెల్వదు తాతా. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, నేను కూడ నేర్చుకుంట" అన్నారు. అందరూ నా దిక్కు చూశారు. నేను లేచి, వంద కిలోల చెరుకు ఆడిస్తే ఎన్ని కిలోల చక్కెర వస్తుందో అదే రికవరీ శాతమని చెప్పాను. కేంద్రం ప్రకటించే న్యాయమైన, లాభదాయకమైన ధర దీనికే ముడిపడి ఉంటుంది. ఉదాహరణకు 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు నిర్ణయించారు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3 రూపాయల 46 పైసలు అదనం. నేను చెప్పినది లెక్చరర్ రాసుకున్నారు. వెనుక పెద్దసారు నవ్వడం నేను చూశాను.

ఆ వారంలోనే పదిమందికి పైగా రైతులు చీటీల నకళ్లు జతచేసి కేన్ కమిషనరుకు దరఖాస్తులు పెట్టుకున్నారు. కొన్నాళ్లకు అసలు వచ్చింది. మిత్తి రాలేదు. మిత్తి సంగతి అడుగుదామని నేను, బాపు ఆ కాలేజీకి పోతే ఆ లెక్చరర్ లేరు. "ఆయన టెంపరరీ. మానేసిండు" అన్నాడు అటెండరు. ఆయన స్థానంలో వచ్చినాయన కూడ మర్యాదస్తుడే. మమ్ములను కూర్చోబెట్టి, "చెరుకు నియంత్రణ ఉత్తర్వు, 1966, మూడవ క్లాజు ప్రకారం..." అని మొదలుపెట్టారు.

ఒక్క నెలలో ఆ మనిషి పాఠం అంతగా ఎట్లా మారింది? మారిన మనిషి ఎందుకు నిలవలేదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డిగ్రీ ఇచ్చేది ఏమిటి, ఇవ్వనిది ఏమిటి

బడిలో పదవ తరగతికి పాఠం చెప్పాలంటే బి.ఎడ్. కావాలి. అంటే పాఠం ఎట్లా చెప్పాలో నేర్చుకొని, పెద్ద ఉపాధ్యాయుల ఎదుట చెప్పి చూపించి రావాలి. లా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి అట్లాంటి చదువు లేదు. ఎల్.ఎల్.ఎం.లో 55 శాతం మార్కులు, దానిపైన నెట్ గాని, రాష్ట్ర సెట్ గాని, పిహెచ్.డి. గాని ఉండాలి. ఇవి విషయం తెలుసునని చెబుతాయి. తెలిసినదాన్ని అరవైమంది ఎదుట నిలబడి చెప్పడం వచ్చునని చెప్పవు. యూజీసీ 1987 నుంచి ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టించి కొత్త అధ్యాపకులకు శిక్షణ ఇప్పిస్తున్న మాట నిజమే. ఇప్పుడవి పేరు మార్చుకొని నెల రోజుల ఇండక్షన్ శిక్షణ ఇస్తున్నాయి. మంచిదే. కాని ఆ శిక్షణ అన్ని సబ్జెక్టుల వారికీ కలిపి ఇచ్చేది. పైగా తాత్కాలిక లెక్చరర్లలో చాలమందికి అది అందేలోపలే ఉద్యోగం పోతుంది.

లా పంతులుకు మరో చిక్కు ఉంది. ఫిజిక్సు లెక్చరర్‌కు కాలేజీ ల్యాబే పని చేసే చోటు. లా పంతులుకు కోర్టు బయట ఉంటుంది. జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ నియమం. కోర్టులో ప్రాక్టీసు చేసుకునే న్యాయవాది రోజుకు మూడు గంటలకు మించకుండా పాఠాలు చెప్పవచ్చునని 1979 నాటి నిబంధనలు అనుమతిస్తాయి. ఫలితంగా లా కాలేజీలో రెండు రకాల వారు తయారవుతారు. ఒకరు కోర్టు ముగించుకొని పరుగున వచ్చి పాఠం చెప్పి పోయేవారు. రెండవవారు నల్లకోటు పక్కన పెట్టి, ఇదే జీవితమని వచ్చినవారు. విద్యార్థులతో సాయంత్రం దాకా కూర్చునేది, పల్లెలకు వచ్చేది, పుస్తకాలు రాసేది ఎక్కువగా ఈ రెండవవారే. నల్లకోటు విడిచి వచ్చిన మనిషికి కాలేజీలో నిలకడ లేకపోతే ఆయన రెంటికీ చెడ్డవాడవుతాడు.

మా ఊరికి వచ్చిన లెక్చరర్ ఆ తరువాత నిజామాబాద్ బస్టాండులో నాకు కనిపించారు. నల్లకోటు చేతి మీద వేసుకొని ఉన్నారు. ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరారట. టీ తాగుతూ చెప్పిన మాటలు: "మొదటి ఏడాది నాకు నాలుగు సబ్జెక్టులు ఇచ్చిన్రు. అందులో రెండు నేను ఎల్.ఎల్.ఎం.లో చదవనివి. రాత్రి చదువుడు, పొద్దున చెప్పుడు. పీరియడు లెక్కన పైసలు, సెలవులల్ల అవి కూడ లేవు. నా పాఠం బాగున్నదో లేదో చెప్పినవాళ్లు లేరు. మీ ఊళ్లో జనం లేచిపోయిననాడు నాకు తెలిసింది."

మరి రెండవసారి ఎట్లా మారారని అడిగాను. "పెద్దసారు పుణ్యం. నేను పోయి జరిగింది చెప్పుకుంటే, నీ క్లాసుల వెనుక బెంచీ మీద ఒక వారం కూర్చుంటనన్నరు. నాకు భయమైంది, తప్పులు పట్టనీకేమోనని. ఆయన మూడే మాటలు చెప్పిండ్రు. సెక్షన్ కంటె ముందు తగాదా చెప్పు. ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పకు, మనసుల పది లెక్కబెట్టు. రానిది రాదని చెప్పు, తెల్లారి తెచ్చి చెప్పు." ఆ మూడు మాటలే మా వేపచెట్టు కింద పని చేశాయని నాకప్పుడు అర్థమైంది. ఈ పని పెద్దసారుకు ఎవరూ అప్పజెప్పలేదు. అది ఆయన పనిగంటల్లో ఎక్కడా లెక్కకు రాదు. ఆయన తరువాతి సంవత్సరం రిటైరయ్యారు.

హార్వర్డులో జరిగిన ప్రయోగం

ఈ సమస్య మన ఒక్కరిది కాదు, ఇప్పటిది కూడ కాదు. నూటయాభై ఏండ్ల కింద అమెరికాలో లా పాఠాలు చెప్పేవారు పేరు మోసిన వకీళ్లు, రిటైరయిన జడ్జీలు. పాఠమంటే వారు చదివి వినిపించేది, విద్యార్థులు రాసుకునేది. 1870లో హార్వర్డు లా స్కూలు డీన్‌గా వచ్చిన క్రిస్టఫర్ లాంగ్‌డెల్ దీన్ని మార్చారు. అసలు తీర్పులనే విద్యార్థుల చేతికిచ్చి, వాటి మీద ప్రశ్నలు అడిగి, సూత్రాన్ని వారిచేతనే చెప్పించే పద్ధతి పెట్టారు. మొదట్లో చాలమంది విద్యార్థులు ఆయన క్లాసు విడిచిపోయారు. కొద్దిమందే మిగిలారు. వారిలో జేమ్స్ బార్ ఏమ్స్ ఒకడు.

ఈ ఏమ్స్‌ను 1873లో, లా చదువు ముగిసిన మరుసటి ఏడాదే, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా నియమించారు. కోర్టు అనుభవం లేని ఇరవై ఏడేండ్ల యువకుడు లా చెప్పడమేమిటని ఆ రోజుల్లో ఆశ్చర్యపోయారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్, డీన్ లాంగ్‌డెల్ ఇద్దరూ ఆయన వెనుక నిలబడ్డారు. లా చెప్పడం వేరే విద్య, దానికి వేరే మనుషులను చిన్ననాటి నుంచి తయారుచేయాలి అన్నది వారి వాదన. ఏమ్స్ తరువాత గొప్ప అధ్యాపకుడుగా పేరుపొంది, 1895లో లాంగ్‌డెల్ తరువాత తానే డీన్ అయి 1910లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. కేసుల ద్వారా బోధించే పద్ధతి అమెరికా అంతటా పాకడంలో ఏమ్స్ పాలు చాల ఉన్నది.

లాంగ్‌డెల్ తెలివైన కుర్రవాణ్ని ఎన్నుకోవడమే కాదు, కుదురుకునేదాకా అతనికి సమయం ఇచ్చారు. ఎన్నుకోవడం మనకూ చేతనైన పనే. సమయం ఇవ్వడమే మన దగ్గర కొరవడింది.

మన దేశంలో

మన దేశంలో ఈ సంగతిని పట్టించుకున్నవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఎన్.ఆర్. మాధవ మేనన్. తిరువనంతపురం నుంచి వచ్చి అలీగఢ్, ఢిల్లీలలో పాఠాలు చెప్పిన ఈయన బెంగుళూరు నేషనల్ లా స్కూలుకు మొదటి డైరెక్టరుగా పనిచేశారు. 1988లో అక్కడ ఐదేండ్ల కోర్సు మొదటి బ్యాచి చేరింది. ఆ స్కూల్లో ఒకే సబ్జెక్టును ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి చెప్పే పద్ధతి పెట్టారు. కొత్తవారు పాతవారి పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. మా ఊరి లెక్చరర్‌కు పెద్దసారు వారం రోజులు దయతో చేసినది అక్కడ నియమంగా జరిగిందన్నమాట. మేనన్ 2019లో కన్నుమూసేనాటికి ఆయన చూపిన దారిలో దేశంలో ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు వెలిశాయి.

లా పంతుళ్లు గట్టిగా ఉంటే సమాజానికి ఏమొస్తుందని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. మన ఆదిలాబాద్‌కు ఆనుకొని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ ప్రాంతంలో 1972లో మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్‌స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. ఆ కేసులో సుప్రీం కోర్టు 1978లో నిందితులైన పోలీసులను విడుదల చేసింది. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధాగంవర్ అనే నలుగురు లా అధ్యాపకులు 1979 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసి తీర్పులో తప్పు ఎక్కడున్నదో చూపారు. దేశమంతటా ఆందోళన లేచింది. 1983లో పార్లమెంటు అత్యాచార చట్టాన్ని సవరించింది. సుప్రీం కోర్టు ముందు కేసులు నడిపే వకీలుకు అట్లాంటి లేఖ రాయడం కష్టం. క్లాసులో రోజూ తీర్పులను విప్పి చూపే మనిషికి, ఉద్యోగం రేపు పోతుందన్న భయం లేని మనిషికి అది సాధ్యమైంది.

మన తెలుగు నేల మీద

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అక్కడి న్యాయశాస్త్ర విభాగానికి 1950లలో పింగళి జగన్మోహన్ రెడ్డి డీన్‌గా ఉన్నారు. తరువాత సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని తేల్చిన 1973 నాటి కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరుగా కూర్చున్నారు. ఆపైన ఉస్మానియాకే వైస్ చాన్సలర్‌గా తిరిగి వచ్చారు.

1998లో హైదరాబాదు దగ్గర నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి వైస్ చాన్సలర్ రణబీర్ సింగ్ పదేండ్లు ఉండి దాన్ని నిలబెట్టారు. అక్కడ పనిచేసినవారిలో ఇద్దరి సంగతి మన విద్యార్థులకు ఉపయోగపడుతుంది. ఒకరు మాడభూషి శ్రీధర్. ఓరుగల్లు మనిషి, తెలుగు పత్రికల్లో పనిచేసి లా ప్రొఫెసర్ అయినారు. 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నారు. చట్టాన్ని సామాన్యుడి తెలుగులో రాయడం ఆయనకు పత్రికారంగం నేర్పిన విద్య. రెండవవారు వి. బాలకిష్టారెడ్డి. విమానయాన, అంతరిక్ష చట్టాల ఆచార్యుడు. 2024లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఛైర్మన్‌గా నియమితులయ్యారు. ఉపగ్రహం కూలితే నష్టపరిహారం ఎవరివ్వాలి వంటి ప్రశ్నలు ఈ అంతరిక్ష చట్టంలోవే. సైన్సు వారికీ లా వారికీ సంబంధం లేదనేవారు దీన్ని గమనించాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో 1980లలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ తరువాత వకీలుగా మారి, 2009లో చనిపోయేదాకా పేదల కేసులు వాదించిన సంగతి కూడ తెలిసిందే.

మన జిల్లా విషయానికి వస్తే, 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడి డిచ్‌పల్లిలో స్థిరపడినాక, లా చదువు మన పల్లె పిల్లలకు బస్సు పాస్ దూరంలోకి వచ్చింది. నాతో ఇంటర్ చదివిన బోధన్ పిల్లలు లా వైపు పోతున్నారు. బీడీలు చేసే తల్లుల బిడ్డలున్నారు, చెరుకు రైతుల కొడుకులున్నారు, గల్ఫ్‌కు పోయిన తండ్రుల పిల్లలున్నారు. షక్కర్‌నగర్ కార్మికుల బకాయిలు, దివాలా చట్టం కింద 2019లో వచ్చిన లిక్విడేషన్ ఉత్తర్వు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, పాసుబుక్కు తగాదాలు మన జిల్లాలో ఇంటింటి ముచ్చట్లు. వీటిని పాఠంగా మలచగల పంతులు హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో ఊడిపడడు. ఇక్కడే తయారు కావాలి.

చేయవలసిన పనులు

పెద్దలకు చెప్పేటంతటివాణ్ని కాదు. చూసినదాన్ని బట్టి నాకు తోచినవి ఇవి.

మొదటిది పనిభారం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14 గంటలు బోధన. కొత్తగా చేరినవారికి మొదటి ఏడాది రెండు సబ్జెక్టులకు మించకుండా, అందులో ఒకటి వారు లోతుగా చదివినదే ఉండేటట్లు చూస్తే, వారికి పాఠం తయారుచేసుకునే వ్యవధి దొరుకుతుంది. నాలుగు సబ్జెక్టులు నెత్తిన పెడితే గైడు చదివి వినిపించడం తప్ప గతి లేదు. అప్పుడు నష్టపోయేది విద్యార్థులే.

రెండవది వెనుక బెంచీ. ప్రతి కొత్త అధ్యాపకుడి క్లాసులో ఒక సీనియర్ టర్ముకు కొన్నిసార్లయినా కూర్చోవాలి. కొత్తవారు సీనియర్ క్లాసులో కూర్చోవాలి. ఈ గంటలను సీనియర్ పనిగంటల్లో లెక్కకట్టాలి. లెక్కకు రాని పని మంచివారు ఉన్నన్నాళ్లే జరుగుతుంది, వారు రిటైరయిననాడు ఆగిపోతుంది. ఆ కూర్చోవడం మాత్రం తప్పులు రాసి పైకి పంపడానికి కాదన్న నమ్మకం కొత్తవారికి కలగాలి.

మూడవది కోర్టుతో, పల్లెతో సంబంధం. లా పంతులు వాదించరాదు కాని చూడవచ్చు. వారానికి ఒకపూట జిల్లా కోర్టులోనో, లోక్ అదాలత్‌లోనో, కార్మికశాఖ ఆఫీసులోనో కూర్చొని, చూసిన తగాదాను మరునాడు క్లాసుకు తెస్తే చాలు. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి. అది బోర్డుకే పరిమితం కాకుండా యువ అధ్యాపకుల చేతిలో పెడితే విద్యార్థులకు, పంతులుకు కూడ అదే ల్యాబు అవుతుంది.

నాల్గవది భాష. తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి, కక్షిదారు తెలుగులో ఏడుస్తాడు. రెంటి మధ్య వంతెన వేయడం లా పంతులు పని. మన దిక్కు "మిత్తి" అంటేనే రైతుకు తెలుస్తుంది. యువ అధ్యాపకులు తమ సబ్జెక్టు మీద ఏడాదికి ఒక్క చిన్న పుస్తకమైనా తెలుగులో రాసేటట్లు ప్రోత్సహించి, దాన్ని కూడ ప్రమోషన్ లెక్కల్లో చేర్చాలి.

అన్నిటికంటె ముఖ్యం నిలకడ. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ఏడవ యూజీసీ స్కేలులో 57,700 రూపాయలతో మొదలవుతుంది. అదే క్లాసులో అదే పాఠం చెప్పే తాత్కాలిక లెక్చరర్ పీరియడు లెక్క చూసుకుంటూ ఉంటాడు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నియామకాలు ఏండ్ల తరబడి ఆగిపోయాయి. ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించినా అది అమలుకు నోచుకోలేదు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం నియామకాలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ పద్ధతి మంచిదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. నియామకం ఆలస్యమైన ప్రతి ఏడాదీ, పాఠం చెప్పడం అప్పుడప్పుడే అబ్బిన కొందరు క్లాసు విడిచి పోతున్నారు.

విద్యార్థులమైన మన వంతు కూడ ఉన్నది. కొత్త లెక్చరర్ రాగానే అల్లరి చేసి ఏడిపించడం ఒక సరదా అయిపోయింది. అల్లరికి బెదిరి డిక్టేషనుకు దిగిన లెక్చరర్ మళ్లీ ప్రశ్నలు అడగడు. పాఠం అర్థం కాకపోతే క్లాసు అయినాక పోయి ఎక్కడ అర్థం కాలేదో చెబుదాము. పెద్దసారు వెనుక బెంచీ మీద వారమే కూర్చున్నారు, మనము ఏడాది పొడుగునా అక్కడే కూర్చుంటున్నాము గదా.

చివరి మాట

ఈ వ్యాసం రాసేముందు బాపుకు సంగతంతా చెప్పాను. ఆయనకు యూజీసీ తెలియదు, హార్వర్డు తెలియదు. కొంతసేపు విని, "చెరుకు మొక్కతోటకు ఖర్చు ఎంతయితది? దుక్కి, ముచ్చెలు, నాటు కూలి అన్నీ మొదటి ఏడాదే. కొట్టినంక మోడు నుంచి లేసిన కార్శితోటల గదా మనకు నాలుగు పైసలు మిగిలేది. మొక్కతోట కొట్టంగనే దున్ని పారేసి, మళ్ల కొత్త ముచ్చెలు తెచ్చుకునేటోడు ఉంటడా?" అన్నాడు.

మన కాలేజీలు చేస్తున్నది అదే. నాలుగు సబ్జెక్టులతో, నిద్రలేని రాత్రులతో, ఒక పల్లెలో ఖాళీ కుర్చీల ముందు నిలబడిన అవమానంతో ఒక మనిషి పంతులు అవుతాడు. అయిన ఏడాదే పంపించి, మరో కొత్త మనిషిని మొదటి పాఠం దగ్గర నిలబెడుతున్నాము.

మా మిత్తి ఇంకా రాలేదు. చీటీల సంచి దూలానికే ఉన్నది. ఆ లెక్చరర్‌ను మొన్న మళ్లీ కలిసి, మళ్లీ క్లాసుకు వస్తరా సార్ అని అడిగాను. "నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెడత. పడ్డదా?" అన్నారు. ఇంకా పడలేదని చెప్పాను. ఆయన కోటు వేసుకొని కోర్టు దిక్కు పోయారు.